కుంపట్లో కరిగిన కాసులు

"బంగారం బంగారమే కదా! దాని మీద ఎవరి బొమ్మ ఉంటేనేం?" పాత నాణేలు పోగుచేసే నన్ను మా ఇంటి ఆడవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. దీనికి మా నెల్లూరులోనే జవాబు ఉంది.

1785-86లో అలెగ్జాండర్ డేవిడ్‌సన్ మద్రాసు గవర్నరుగా ఉండేవాడు. ఆ రోజుల్లో నెల్లూరు దగ్గర రాతిగుట్ట పక్కన ఒక రైతు దున్నుతూంటే నాగలికి ఇటుకలు అడ్డం వచ్చాయి. తవ్వితే పాడుపడ్డ చిన్న గుడి, దాని అడుగున ముంతలో బంగారు నాణేలు! పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయే ఉంటాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా రాబట్టాడు. గవర్నరు రెండు ఏరుకున్నాడు.

అవి ట్రాజన్, హేడ్రియన్ వంటి రోము చక్రవర్తులు రెండవ శతాబ్దంలో వేయించినవి! కొన్ని సరికొత్తగా ఉన్నాయి. కొన్నిటికి చిల్లులున్నాయి, మన కాసులపేరులాగే ఎవరో మెడలో వేసుకుని ఉంటారు. రోముతో మన వర్తకానికి అవి సాక్ష్యం. కరిగినవాటి సాక్ష్యం కుంపటి పాలయింది.

అందుకే పాత నగ చెరిపించే ముందు కాసులను భూతద్దంతో చూడండి. 1918 సవరను మీద, గుర్రం కింద, సంవత్సరానికి పైన చిన్న ఇంగ్లీషు 'ఐ' అక్షరం ఉంటే అది బొంబాయిలో వేసినది. అక్కడి సవరన్ల మీద ఆ ఒక్క సంవత్సరమే కనిపిస్తుంది. అటువంటిది దొరికితే తోమకండి, చిల్లు పెట్టించకండి. నేలలో దొరికిన నిధి సంగతి వేరు; 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

బంగారం మళ్ళీ కొనుక్కోవచ్చు. చెరిగిన ముద్ర మళ్ళీ రాదు.