టన్నుల లెక్కకు అందనిది
జర్మనీ వ్యవసాయ బయోగ్యాస్ ప్లాంట్లలో నియర్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు డైజెస్టర్‌లోని (మేత కుళ్లి గ్యాస్ తయారయ్యే ట్యాంకులోని) ఆమ్లాలను నేరుగా కొలుస్తాయన్న మాట పొరపాటు. 780 నుంచి 2,500 నానోమీటర్ల మధ్య కాంతి ఎంత తిరిగి వచ్చిందో మాత్రమే వాటికి తెలుస్తుంది. 1,450, 1,940 నానోమీటర్ల దగ్గర ఆ కాంతిని నీరు గట్టిగా పీల్చుకుంటుంది. డైజెస్టర్ ద్రవంలో దాదాపు 90 శాతం నీరే. లీటరుకు కొద్ది గ్రాములుండే ఎసిటిక్, ప్రొపియోనిక్ ఆమ్లాల జాడ అందులో మరుగున పడిపోతుంది. అందుకే అదే ట్యాంకు నమూనాలను ల్యాబ్‌లో పరీక్షించి, ఆ ఫలితాలతో సెన్సర్‌ను కాలిబ్రేట్ చేయాలి. మేత మారినప్పుడల్లా మళ్లీ సరిచూడాలి. వేరే ప్లాంటు కాలిబ్రేషన్ తెచ్చి పెడితే అంకెలు వస్తాయి గాని వాటిని నమ్మడానికి లేదు.

ఈ పరికరం అసలు విలువ మేత వేసే చోట ఉంది. అది అర్థం కావాలంటే చట్టం చూడాలి. 2009 నాటి పునరుత్పాదక ఇంధన చట్టం పేడ వాడే ప్లాంట్లకిచ్చే బోనస్‌కు ఒక షరతు పెట్టింది: వేసే మేత బరువులో ఎల్లవేళలా కనీసం 30 శాతం పేడ ఉండాలి. 2012 సవరణ కొత్త ప్లాంట్లలో మొక్కజొన్న, ధాన్యపు గింజల వాటాను 60 శాతానికి పరిమితం చేసింది. అదీ బరువు లెక్కే. తూకాన్ని, మేత డైరీని ఆడిటర్ తనిఖీ చేయగలడు కాబట్టి ఆ లెక్క చట్టానికి సరిపోయింది. డైజెస్టర్‌కు సరిపోదు. టన్ను పేడ ద్రవం నుంచి సుమారు 25 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తే, టన్ను మొక్కజొన్న సైలేజీ (పులియబెట్టి నిల్వ చేసిన మేత) నుంచి సుమారు 200 వస్తుంది. అంటే 30 శాతం పేడ, మిగతాది మొక్కజొన్న సైలేజీ వేసిన ప్లాంటులో కూడా పేడ నుంచి వచ్చే గ్యాస్ ఇరవయ్యో వంతే.

సైలేజీ కూడా రోజూ ఒకేలా ఉండదు. 35 శాతం పొడి పదార్థం ఉన్న 10 టన్నుల్లో బ్యాక్టీరియాకు దొరికేది మహా అయితే 3.5 టన్నులు. వానకు తడిసి అది 28 శాతానికి పడిపోతే 2.8 టన్నులే. లోడర్ తూకంలో రెండూ ఒకటే. డైరీలో పడే అంకె కూడా ఒకటే. నీటిని బాగా గుర్తుపట్టే సెన్సర్ ఈ తేడాను అక్కడికక్కడే పట్టిస్తుంది. ఆమ్లాలను అంచనా వేసేటప్పుడు అడ్డుపడిన నీరే ఇక్కడ దానికి ఆధారం.

ట్యాంకు లోపల దాని పని ధోరణిని చూపడం వరకే. ఆమ్లాలు తయారుచేసే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది. మీథేన్ తయారుచేసే జీవులకు రోజులు పడుతుంది. ఆ తేడా వల్ల ఆమ్లాలు పేరుకుపోవడం మొదలైతే సెన్సర్ గీత పైకి లేస్తుంది. మేత తగ్గించే నిర్ణయం మాత్రం టైట్రేషన్‌తో ఆమ్లాలను కొలిచి చూశాకే తీసుకోవాలి. క్రమం తప్పకుండా ల్యాబ్ పరీక్షలు చేయించలేని ప్లాంటు ఈ సెన్సర్ కొనకపోవడమే మంచిది.