రెండవ తాళము

మనలి రిఫైనరీ షిఫ్టు బస్సులో ఫోను జారిపోయినదనుకొనండి. దానితోపాటు ఈమెయిలు కూడా పోవలెనా? అందుకే ఈ నెల రెండవ తాళమును గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పాస్‌వర్డుకు తోడుగా ముప్పయి సెకన్లకొకమారు మారే ఆరంకెల సంఖ్యను చూపే యాప్‌లున్నవి గదా! సిగ్నలు లేకున్నా అవి పనిచేస్తవి. వానిలో ఏది మేలు? ఫోను నంబరు అడగనిది, కోడును ఎవరైనా పరిశీలింప వీలైనది, ప్రతిని మనమే తాళంవేసి దాచుకోనిచ్చేది. ఆండ్రాయిడ్ ఫోనుకు ఏజిస్ అట్టిది. ఫోను నంబరుతో నడిచే ఆథీ ఖాతాల నంబర్లు 2024లో దొంగల కంటబడినవి.

ఏ యాప్ తీసుకున్నా, రికవరీ కోడ్లను కాగితంపై వ్రాసి బీరువాలో ఉంచుకొనవలెనని మా మనవి. ఆ ఆరంకెలు మాత్రం ఎవరడిగినా చెప్పకండి.