డ్రాయింగ్ బుక్‌ను అటకెక్కించకండి

గత నెలలో మా స్టాఫ్ రూమ్‌కి ఒక పాత విద్యార్థిని వచ్చింది. ఇంటర్ అయ్యాక బీఎఫ్‌ఏలో చేరి రెండు నెలలైంది. చేతిలో పెద్ద ఫోల్డర్ చూసి, రంగురంగుల పెయింటింగులు ఉంటాయని టీచర్లంతా చుట్టూ చేరారు. తీరా విప్పితే పెన్సిల్‌తో తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది మెట్లుగా నింపిన గళ్లు, ఒక స్టీల్ చెంబు, రెండు వంకాయలు, కుర్చీ మీద వేసిన దుప్పటి మడతలు కనిపించాయి. తన ఎడమ చేతి బొమ్మలే ఇరవై దాకా ఉన్నాయి. ఎరుపు, పసుపు, నీలం కలిపి చేసిన పన్నెండు రంగుల చక్రం ఒకటి. బస్టాండులో నిలబడి, మనిషికి రెండు నిమిషాల చొప్పున గీసిన స్కెచ్‌లు ఒక పుస్తకం నిండా ఉన్నాయి.

"చెంబులు గీయడానికి నాలుగేళ్ల కోర్సా?" అని వాళ్ల నాన్నగారు అడిగారట. మనలో చాలామందికి వచ్చే సందేహమే ఇది. జవాబు ఆ చెంబులోనే ఉంది.

చెంబు మూతి గుండ్రంగా ఉంటుందని మనకు తెలుసు. అందుకే గీయమంటే పిల్లలు మూతిని పూర్తి గుండ్రంగా గీసి, అడుగును తిన్నని గీతతో ముగిస్తారు. కానీ టేబుల్ మీదున్న చెంబును కాస్త పైనుంచి చూస్తే కనిపించేది వృత్తం కాదు, దీర్ఘవృత్తం. చెంబును కంటి ఎత్తుకు తెస్తే అదే అంచు ఒక్క గీతలా మారిపోతుంది. తెలిసినదాన్ని కాకుండా కనిపిస్తున్నదాన్ని గీయడం నేర్పడమే మొదటి సెమిస్టర్ అసైన్‌మెంట్ల పని. ఇది ఒక్క రోజులో రాదు. రోజూ చూసి, రోజూ తప్పు గీసి, మళ్లీ చూస్తేనే వస్తుంది.

ఆ అమ్మాయి చెప్పిన ఇంకో మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "మా క్లాసులో తేలిగ్గా చేస్తున్నవాళ్లు చిన్నప్పుడు ప్రైజులు కొట్టినవాళ్లు కాదు సార్. మధ్యలో ఆపనివాళ్లు. నేను నైన్త్‌లో ఆపేశాను."

ఎందుకు ఆపిందో నాకు తెలుసు. ఇంట్లో డ్రాయింగ్ పుస్తకాలు అటకెక్కాయి. స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ మ్యాథ్స్ రివిజన్‌కి పోయింది. ఆ పీరియడ్ అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేసినవాణ్ని నేనే. తప్పు తల్లిదండ్రులది ఒక్కరిదే కాదు.

ఆమె దగ్గర ఆగకుండా మిగిలింది ఒక్కటే, ముగ్గు. ఏటా ధనుర్మాసంలో అమ్మమ్మతో కలిసి వాకిట్లో చుక్కల ముగ్గు వేసేది. టెన్త్ ఏడాది కూడా మానలేదు. అది కూడా బొమ్మల పనే అని ఎవరికీ తోచలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. డిజైన్ క్లాసులో ఒకే ఆకారాన్ని తిప్పుతూ, మళ్లీ మళ్లీ వాడుతూ కాగితం నింపమన్నప్పుడు మిగతావాళ్లు స్కేలు కోసం వెతుక్కుంటుంటే, తను చుక్కలు పెట్టుకుని మొదలుపెట్టేసిందట. ముగ్గులో రబ్బరు ఉండదు. గీత వేసే ముందే లెక్క చూసుకోవాలి.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. పిల్లాడు బాగా గీస్తున్నాడనగానే కోచింగ్, వారం వారం పోటీలు, ఫ్రేమ్ కట్టించిన సర్టిఫికెట్లు మొదలవుతాయి. ఆర్ట్ ప్రాజెక్టు ఇస్తే రాత్రి పదకొండింటికి థర్మకోల్ కోస్తున్నది అమ్మే. ఇలా చేస్తే హాబీ ఇంకో సబ్జెక్టు అయిపోతుంది. మార్కులు లేని చోటు పిల్లలకు ఒక్కటైనా ఉండాలి.

రాజమండ్రి దామెర్ల రామారావు గారి సంగతి చాలామందికి తెలుసు. 1897లో పుట్టిన ఆయనలోని నేర్పును అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించారు. ప్రోత్సహించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లేలా చేశారు. రామారావు గారు 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఈనాటికీ చూడవచ్చు. కూల్డ్రే డ్రాయింగ్ మాస్టారు కారు, కాలేజీ ప్రిన్సిపాల్. కుర్రవాడి బొమ్మలు చూడటానికి ఆయనకు తీరిక దొరికింది.

"అందరూ ఆర్టిస్టులు కావాలా?" అని మీరు అడగవచ్చు. అక్కర్లేదు. బీఎఫ్‌ఏ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని కూడా నేను చెప్పను. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ లాంటి దారులున్నాయి, వాటిలో పోటీ కూడా ఉంది. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆర్కిటెక్చర్‌కి రాసే నాటాలో, ఐఐటీల్లో డిజైన్ కోర్సుకి రాసే యూసీడ్‌లో చేత్తో బొమ్మ గీసే ప్రశ్నలున్నాయి. టెన్త్ దాకా పెన్సిల్ పట్టనివ్వకుండా, ఇంటర్ అయ్యాక రెండు నెలల క్రాష్ కోర్సులో చెయ్యి తిరగాలంటే కష్టం. ఇక డాక్టరో ఇంజినీరో అయ్యేవారికైనా, ఉన్నదున్నట్టు చూడటం వచ్చి ఉంటే నష్టమేమీ లేదు.

అందుకే మీకు చిన్న విన్నపాలు. రోజుకి ఇరవై నిమిషాలు, ఒక గీతల్లేని నోటుబుక్, ఒక 2బి పెన్సిల్ చాలు. యూట్యూబ్ చూసి కాపీ చేయడం కన్నా వంటింట్లోని గిన్నెను, గుమ్మంలోని చెప్పుల జతను గీయమనండి. "ఇది ఎవరి బొమ్మ? పోలికే లేదే!" అనకండి. "ఇది ఎక్కడ కూర్చుని గీశావు?" అని అడగండి.

మేనేజ్‌మెంట్‌కి కూడా ఒక విన్నపం. ఎనిమిది నుంచి పది దాకా వారానికి ఒక్క డ్రాయింగ్ పీరియడ్, పరీక్షల నెలలో కూడా కదపకుండా ఉంచాలి. ఈసారి ఎవరు అడిగినా నా పీరియడ్ ఇవ్వనని ఇక్కడే రాసిస్తున్నాను.

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌కి వచ్చేటప్పుడు మీ పిల్లల స్కెచ్‌బుక్ కూడా వెంట తీసుకురండి. మార్కులు వేయను. కూర్చుని చూస్తాను, అంతే.