ఒకసారి చేసి చూపించారు, మళ్ళీ చేయండి: అమెరికా కాంగ్రెస్‌కు బహిరంగ లేఖ

అమెరికా ప్రతినిధుల సభ, సెనేట్ సభ్యులకు,

నేను టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువాణ్ణి. ఈ దేశ పౌరుణ్ణి. పన్ను కడతాను, ఓటు వేస్తాను. ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. డాలస్, అట్లాంటా, న్యూజెర్సీల్లో ఉంటున్న మావాళ్ళు చాలామంది ఇప్పుడు మీ ఓటర్లు. మిమ్మల్ని ఏమడగాలో వాళ్ళకూ తెలియాలి.

నేనడిగేది ఒక్కటే. పేదపిల్లల కోసం 2021లో మీరు చేసిన పని మళ్ళీ చేయండి.

ఆ ఏడాది మార్చిలో వచ్చిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టంతో పిల్లలున్నవారికిచ్చే పన్ను రాయితీ అయిన చైల్డ్ టాక్స్ క్రెడిట్‌ను పెంచారు. ఆరేళ్ళలోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, ఆపైన 18 ఏళ్ళు నిండేదాకా 3,000 డాలర్లు. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటుంది. తల్లిదండ్రుల సంపాదన ఎంత తక్కువైనా, అసలేమీ లేకపోయినా, బిడ్డకు రావలసినది పూర్తిగా ఇచ్చారు. ఏడాది చివర పన్ను లెక్కలు తేలేదాకా ఆగకుండా, జూలై నుంచి డిసెంబరు వరకు అందులో సగం నెలనెలా ఖాతాల్లో వేశారు. కొత్త శాఖ పెట్టలేదు. ఎవరినీ వరుసల్లో నిలబెట్టలేదు. పన్నులు వసూలు చేసే ఐఆర్ఎస్సే ఆ డబ్బు పంచింది.

ఫలితం మీ సెన్సస్ బ్యూరో లెక్కల్లోనే ఉంది. పన్నులు, ప్రభుత్వ సాయం కూడా కలిపి చూసే కొలత ప్రకారం 2020లో 9.7 శాతం పిల్లలు పేదరికంలో ఉన్నారు. 2021లో అది 5.2 శాతానికి దిగింది. ఆ కొలత మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు. ఈ ఒక్క క్రెడిట్ వల్లే 29 లక్షల మంది పిల్లలు ఆ ఏడు పేదరికం నుంచి బయటపడ్డారు. వచ్చిన డబ్బు తిండికి, బట్టలకు, ఇంటి అద్దెకు, బడి సామానుకు ఖర్చయిందని తల్లిదండ్రులు ప్రభుత్వ సర్వేల్లోనే చెప్పారు.

ఆ పెంపు ఒక్క ఏడాదికే పెట్టారు; తర్వాత మీరు గడువు పొడిగించలేదు. 2022లో పిల్లల పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. 38 లక్షలుగా ఉన్న పేదపిల్లలు 90 లక్షలయ్యారు. కోవిడ్ నాటి మిగతా సాయాలు ఆగిపోవడానికీ ఇందులో పాత్ర ఉంది, కాదనను. కానీ ఆ సాయాలు ఆగిందీ, ఈ క్రెడిట్ పెంపు ఆగిందీ మీ నిర్ణయంతోనే. ఒక్క ఏడాదిలో 50 లక్షల మందికి పైగా పిల్లలు పేదరికంలో పడితే, దానికి కరువూ కారణం కాదు, యుద్ధమూ కారణం కాదు.

ఇప్పుడున్న లెక్క చూడండి. 2025 చట్టంతో క్రెడిట్‌ను బిడ్డకు 2,200 డాలర్లు చేశారు. అది ఎవరికి ఎంత అందుతుంది? ఏడాదికి 4 లక్షల డాలర్లు సంపాదించే దంపతులకు ఇద్దరు పిల్లలుంటే 4,400 డాలర్లు పూర్తిగా దక్కుతాయి. మా టెక్సస్‌లో అమలయ్యేది మీ ఫెడరల్ కనీస వేతనమే, గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి మీరు ఆ అంకెను కదిలించలేదు. ఆ కూలికి వారానికి 40 గంటలు, ఏడాదంతా ఒక్కరోజూ నాగా లేకుండా పనిచేసిన తల్లికి వచ్చేది 15,080 డాలర్లు. గంటకు 12 డాలర్లిచ్చే చోట వారానికి 24 గంటల పనే దొరికినా ఇంచుమించు ఇంతే. ఆమె ఒంటరిగా పిల్లల్ని పెంచుతుంటే, మీ సూత్రం ప్రకారం సంపాదనలోంచి మొదటి 2,500 తీసేసి, మిగిలినదాంట్లో 15 శాతమే ఇస్తారు. అంటే ఇద్దరు పిల్లలకూ కలిపి 1,887 డాలర్లు. కాన్పై ఏడాదంతా ఉద్యోగం లేని తల్లికి ఏమీ రాదు. తల్లిదండ్రులు లేని మనవణ్ణి సోషల్ సెక్యూరిటీ పింఛనుతో సాకే అమ్మమ్మకూ ఏమీ రాదు. ఆమె పింఛను మీ దృష్టిలో సంపాదన కాదు కాబట్టి, ఆ పిల్లవాడు మీ లెక్కలోకే రాడు.

పేదరికం తగ్గించడానికి పెట్టుకున్న సాయంలో అందరికన్నా పేదబిడ్డకే అందరికన్నా తక్కువ వాటా రావడం అన్యాయం. అదే 2025 చట్టంలో స్నాప్ ఆహార సాయానికీ భారీ కోత పెట్టారు. పిల్లలకు పద్నాలుగేళ్ళు నిండితే చాలు, తల్లి పని గంటలు రుజువు చేసుకోవాలన్నారు. కూలి పెంచరు, సాయం అందనివ్వరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటామే, ఆ తల్లుల పట్ల మీ తీరు అలాగే ఉంది.

ఊరికే డబ్బిస్తే పని మానేస్తారని మీలో కొందరి వాదన. 2021లో దేశమంతటా ఇచ్చి చూశారు కదా. తల్లిదండ్రులు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉద్యోగాలు వదిలేసిన జాడ పరిశోధకులకు దొరకలేదు. నెలకు 250, 300 డాలర్లతో ఏ ఇల్లూ గడవదు. పిల్లవాణ్ణి చూసుకునే మనిషికిచ్చుకోవడానికో, పనికి వెళ్ళే కారులో పెట్రోలుకో అది అక్కరకొస్తుంది.

డబ్బెక్కడిదన్నది రెండో వాదన. ఆ పెంపుకు ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లకు పైగా అయింది. పెద్ద మొత్తమే. అయితే మీరే అడిగి రాయించుకున్న నేషనల్ అకాడమీస్ నివేదిక 2019లో ఏం చెప్పింది? చదువు దెబ్బతిని, ఆరోగ్యం చెడి, పెద్దయ్యాక సంపాదన తగ్గి, పిల్లల పేదరికం ఏటా ఈ దేశానికి 80 వేల కోట్ల నుంచి 1.1 లక్షల కోట్ల డాలర్ల నష్టం తెస్తోందని చెప్పింది. ఇవ్వకపోవడం ఆదా అనుకుంటే, ఆ ఆదాకు మించిన ఖర్చు ఏటా భరిస్తున్నాం.

ఇది ఒక పార్టీ పట్టుదల కూడా కాదు. 2021లోనే రిపబ్లికన్ సెనేటర్ మిట్ రామ్నీ చిన్నపిల్లలకు నెలకు 350 డాలర్లివ్వాలని ప్రతిపాదించారు. 2024 జనవరిలో పేదకుటుంబాలకు కాస్త ఎక్కువ అందేలా తెచ్చిన బిల్లును ప్రతినిధుల సభ 357–70 ఓట్లతో ఆమోదించింది. ఆగస్టులో సెనేట్ దాన్ని ముందుకు సాగనివ్వలేదు. మా ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఒక ప్రభుత్వం అమ్మ ఒడి పేరుతో పిల్లల్ని బడికి పంపే పేదతల్లుల ఖాతాల్లో డబ్బు వేయడం మొదలుపెట్టింది. దాన్ని ఓడించి వచ్చిన ప్రభుత్వం 2025 నుంచి తల్లికి వందనం పేరుతో, అర్హమైన కుటుంబాల్లో చదువుకునే ప్రతి బిడ్డకూ ఇస్తోంది. ఆ రెండు పార్టీల మధ్య ఉన్న వైరం మీ రెండు పార్టీల వైరానికి ఏమీ తీసిపోదు. అయినా తల్లి చేతికి డబ్బివ్వాలన్న మాట దగ్గర అక్కడ ఇద్దరూ నిలబడ్డారు. అంతకన్నా ఎన్నోరెట్లు సంపన్నమైన ఈ దేశంలో మీరెందుకు నిలబడలేరు?

కాబట్టి మూడు పనులు చేయండి. సంపాదనతో ముడిపెట్టకుండా ప్రతి పేదబిడ్డకూ పూర్తి క్రెడిట్ ఇవ్వండి. ఏడాదికోసారి కాక నెలనెలా ఇవ్వండి, అద్దె నెలనెలా కట్టాలి కాబట్టి. గడువు పెట్టకుండా శాశ్వత చట్టంగా చేయండి.

మాలాంటి ఇళ్ళకు ఈ క్రెడిట్ పూర్తిగా వస్తోంది. అది లేకపోయినా మా పిల్లలు పస్తులుండరు. అందుకే సాటి తెలుగువాళ్ళకూ ఒక మాట. ఓటడగడానికి మీ ఊరొచ్చిన ప్రతి అభ్యర్థినీ వీసాల గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి. సమాధానం చెప్పనివారికి ఓటు వేయకండి. నేను వేయను.

భవదీయుడు,
టెక్సస్ నుంచి ఒక తెలుగు ఓటరు