కిష్తీ ఎక్కనివ్వని ఖౌఫ్



నిజాంసాగర్ కాలువకు నీళ్లొదిలారంటే మన బాన్సువాడ ఇళ్లల్లో రెండు మాటలు వినబడతాయి. "అల్హందులిల్లాహ్, ఈసారి పంట గట్టెక్కినట్టే" అని అబ్బాలు. "కాలువ దిక్కు పోయినవంటే కాళ్లిరగ్గొడతా" అని అమ్మీలు. మా అమ్మీ కూడా అదే అనేది. నేను పోయేవాణ్ణే, కాకపోతే గట్టు మీద కూర్చుని దోస్తులు దూకుతుంటే చూసేవాణ్ణి. యాభై దగ్గర పడుతున్నా ఇప్పటికీ నాకు ఈత రాదు. కాబట్టి ఈ నసీహత్ ముందు నాకే అనుకోండి.

ఈ మధ్య రాత్రిళ్లు చిన్న కిష్తీల మీద మహాసముద్రాలు దాటినవాళ్ల సంగతులు చదువుతున్నాను. కయాక్ అంటారు దాన్ని. మన మంజీరాలో చేపలు పట్టే గంగపుత్రుల తెప్పకు దూరపు చుట్టం. సన్నగా, పొడవుగా ఉంటుంది. కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి, చేతిలో రెండువైపులా రెక్కలున్న చప్పూ. ఒకవైపే రెక్క ఉండే చప్పూతో నడిపితే దాన్ని కానో అంటారు. చేతుల బలంతో నడిపేవాడు గంటలో అలసిపోతాడట. నడుము తిప్పి, కాళ్లతో తన్ని, ఒళ్లంతా కలిపి నడిపేవాడే రోజంతా వెళ్తాడు.

పోలాండ్‌కు చెందిన అలెక్సాండర్ డోబా అనే రిటైర్డ్ ఇంజనీర్ ఇలా మూడుసార్లు అట్లాంటిక్ దాటాడు. మూడోసారి 2017లో, అమెరికా నుంచి ఫ్రాన్స్ దాకా 110 రోజులు, ఒంటరిగా. ఒడ్డు చేరిన కొద్దిరోజులకు ఆయనకు 71 నిండాయి. మన దగ్గర ఆ వయసు బుజుర్గ్‌ని వుజూ ఖానా దాకా కూడా ఒక్కణ్ణి పోనివ్వం.

నన్ను ఇంకా ఎక్కువ పట్టుకున్న కిస్సా ఆస్కార్ స్పెక్‌ది. 1932, జర్మనీలో రోజ్‌గార్ లేదు. సైప్రస్‌లో రాగి గనుల్లో పని దొరుకుతుందని విని, మడత పెట్టుకునే ఓ కయాక్ తీసుకుని డాన్యూబ్ నదిలో దిగాడు. సైప్రస్ దాకా వచ్చాక ఆగబుద్ధి కాలేదు. యూఫ్రటిస్, ఇరాన్ తీరం, హిందుస్తాన్ పడమటి ఒడ్డు, సిలోన్, మద్రాసు, కలకత్తా. అంటే మన తెలుగు తీరం పక్కనుంచే తెడ్డేసుకుంటూ పోయాడన్నమాట! ఏడేళ్లు, దాదాపు 50 వేల కిలోమీటర్లు. 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియా దీవి చేరేసరికి జంగ్ మొదలైపోయింది. పోలీసులు ముబారక్ చెప్పి, శత్రుదేశస్థుడివని ఖైదు చేశారు. కిస్మత్ అంటే అదీ.

సైప్రస్ పేరు చదవగానే నాకు హజ్రత్ ఉమ్మె హరామ్ రజియల్లాహు అన్హా గుర్తొచ్చారు. సముద్రం మీద సఫర్ చేసే తన ఉమ్మత్ వాళ్లను ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఖ్వాబ్‌లో చూశారు. ఆ సంగతి చెప్పినప్పుడు, ఆ జమాఅత్‌లో నేనూ ఉండేలా దుఆ చేయండని అడిగిన సహాబియా ఈమె. ఆయన దుఆ చేశారు. హజ్రత్ ఉస్మాన్ ఖిలాఫత్ కాలంలో భర్త హజ్రత్ ఉబాదాతో కలిసి ఆమె సముద్రం దాటారు. అవతలి ఒడ్డున సవారీ మీద నుంచి పడి వఫాత్ అయ్యారు. సైప్రస్‌లోని లార్నకా దగ్గర ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె మజార్ ఉందని చెబుతారు. నీళ్లంటే ఖౌఫ్ మన తహ్జీబ్‌లో ఉందనే వాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఈ హదీస్‌ని ఏం చేస్తారో నాకు అర్థం కాదు. పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ చెప్పారని మన ఖుత్బాల్లో విననివాళ్లెవరు? విని, ఇంటికొచ్చి, బచ్చాలను చెరువు దిక్కు చూడనివ్వం.

అలాగని పిల్లలు నీళ్ల దగ్గరికి పోవడం ఆగిందా? ఎండాకాలం సెలవులొస్తే పేపర్లో ఎక్కడో ఒకచోట ఆ ఖబర్ ఉంటుంది. ఇద్దరు దోస్తులు, ముగ్గురు అన్నదమ్ములు, ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు. కాలువ చూడ్డానికి నెమ్మదిగా పారుతున్నట్టే ఉంటుంది. గట్టు నున్నగా, ఏటవాలుగా ఉంటుంది, పట్టుకోడానికి ఏమీ దొరకదు. దిగడం ఒక క్షణం, ఎక్కడం గగనం. ఆ తర్వాత జనాజా దగ్గర నిలబడి "అల్లాహ్ మర్జీ" అంటాం. మర్జీ అల్లాహ్‌దే, నిస్సందేహంగా. కానీ ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ కూడా మనదే. పిల్లాడికి ఈత నేర్పడం, పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడగడం, ఇదే మన కాలంలో ఒంటెను కట్టడం.

2025 ఆగస్టు ఆఖర్లో మన కామారెడ్డి జిల్లా ఎట్లా మునిగిందో చూశాం కదా. నీళ్లు మన దగ్గరికే వచ్చాయి, మనం పోనక్కర్లేకుండా.

"ఈ ఆటలు పైసలున్నోళ్లవి భాయ్" అంటారు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌కు వెళ్లి చూడండి. సుహేమ్ షేక్ సాహెబ్ అక్కడ యాచ్ క్లబ్ పెట్టి, పేదింటి పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతున్నారు. అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది. ఇక వయసైపోయిందనే ఖాలాలు, ఫుప్పూల కోసం సామర్లకోట గోలి శ్యామల గారి మాట. ఈతలో ఆమె 2021లో పాక్ జలసంధి దాటారు. 2024 డిసెంబరు 28న విశాఖలో సముద్రంలో దిగి, జనవరి 3న కాకినాడలో ఒడ్డెక్కారు. సుమారు 150 కిలోమీటర్లు, వయసు 52. పక్కన పడవలో మదద్ చేసేవాళ్లున్నారు, నిజమే. ఈదింది మాత్రం ఆమే.

పర్దా మాట తప్పకుండా వస్తుంది. రావాలి కూడా, హయా మన ఈమాన్‌లో భాగం. దానికి జవాబు వేరే టైము, లేడీ ఉస్తానీ, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు. కష్టమైన పని కాదిది, ఎవరో ఒకరు పూనుకోవాల్సిన పని. నిజానికి కయాక్‌లో ఆడపిల్ల నిండుగా బట్టలేసుకుని, పైన లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చోవచ్చు. ఫంక్షన్ హాల్లో ఉన్నంత బేపర్దగీ కూడా అక్కడ ఉండదు. ఈ మాటకు కొందరికి కోపం వస్తుందని తెలుసు.

నిజాంసాగర్ మన ఇంటి ముందరి ఖజానా. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణ ఇంజనీర్ల రోజుగా జరుపుకుంటున్నాం. అక్కడ వదిలిన మంజీరా బీర్కూర్ మీదుగా కందకుర్తిలో గోదావరిని కలిసి, భద్రాచలం, పాపికొండలు దాటి సముద్రానికి పోతుంది. తొంభై ఏళ్లుగా ఆ నీళ్లు తాగాం, పండించుకున్నాం, మత్తడి దుంకితే సెల్ఫీలు దిగాం. దాని మీద చప్పూ పట్టిన మన పిల్లవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

నేనేమీ రేపే పిల్లల్ని సాగర్‌లోకి దించమనట్లేదు. మంజీరాలో మొసళ్లున్నాయి, లోతులున్నాయి, ఇజాజత్ లేకుండా దిగడం బేవకూఫీ. ముందు ఈత, అదీ కొలనులో, నేర్పేవాళ్ల కళ్లముందు. సెలవుల్లో మస్జిద్‌లో నాజిరా క్లాసు పెడతాం కదా, దాని పక్కనే ఫజర్ తర్వాత ఓ గంట. కమిటీ సదర్ సాహెబ్‌తో మొన్న జుమా తర్వాత ఈ మాటే అన్నాను. నవ్వి, "ముందు నువ్వు నేర్చుకో మియాఁ" అన్నారు. నిజామాబాద్‌లో ఓ కోచ్‌తో మాట్లాడాను. ఇన్షా అల్లాహ్, వచ్చే నెల నుంచి వెళ్తున్నాను. నా చిన్న కూతురు కూడా వస్తానంటోంది, వాళ్ల అమ్మీ ఇంకా హా అనలేదు.