ఫీజు తక్కువైతే చదువు అందినట్టేనా?

యానాంలో ప్రభుత్వ చదువు లేదని ఎవరూ అనలేరు. 1973లో మొదలైన డాక్టర్ ఎస్.ఆర్.కె. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఉంది. పాలిటెక్నిక్ ఉంది. ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఫీజు స్వల్పమే. అయినా చదువు అందనివాళ్లు ఊళ్లో ఉన్నారు. పగలు కూలికి వెళ్తే తప్ప ఇల్లు గడవని వాళ్లకు పగటి కాలేజీ ఫీజు ఎంత తగ్గించినా ఒకటే.

2012 జనవరిలో రీజెన్సీ సిరామిక్స్ అల్లర్ల తర్వాత కర్మాగారం మూతపడింది. టైల్స్ పని తప్ప మరొకటి తెలియని కార్మికులు వీధిన పడ్డారు. భార్యాబిడ్డలున్న నలభై ఏళ్ల మనిషి మూడేళ్ల డిగ్రీలో చేరలేడు. అతడికి కావలసింది సాయంత్రం పూట, ఆరు నెలలో ఏడాదో నేర్చుకుని మరో పనిలో కుదురుకునే చదువు. కమ్యూనిటీ కళాశాల అనే ఆలోచన పుట్టింది ఇలాంటివారి కోసమే.

మన దేశంలో తొలి కమ్యూనిటీ కళాశాలను 1995లో ప్రారంభించింది పాండిచ్చేరి విశ్వవిద్యాలయమే. మరుసటి ఏడాది మద్రాసులో మరొకటి వచ్చింది. జెస్విట్ గురువు ఫాదర్ జేవియర్ అల్ఫోన్స్ ఈ ఉద్యమాన్ని దేశమంతటా విస్తరింపజేశారు. తర్వాత యూజీసీ కూడా 12వ ప్రణాళిక కాలంలో దీనికి నిధులిచ్చింది. కానీ ఆ తొలి కళాశాల ఉన్నది యానానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో. ఒకే కేంద్రపాలిత ప్రాంతమన్న మాటే గాని, మన కూలివాడి కుమార్తెకు అది పరదేశమే.

పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్ సంగతి వేరు. వంతెన దాటితే ఎదుర్లంక. అక్కడి విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది, యానాం విద్యార్థికి వర్తించదు. అలాగని ఆ పద్ధతి లోపం లేనిదీ కాదు. బకాయిలు పేరుకుంటే కాలేజీ యాజమాన్యాలు సర్టిఫికెట్లు ఆపుతాయి. చెల్లించాల్సింది సర్కారు, చిక్కుల్లో పడేది విద్యార్థి.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం 2015 నుంచి కమ్యూనిటీ కళాశాలల్లో ట్యూషన్ ఫీజు లేకుండా చేసింది. మంచి పనే. అయితే మిగతా సహాయాలన్నీ పోగా మిగిలిన ఫీజును మాత్రమే అది కడుతుంది. బీద విద్యార్థి ఫీజు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటుతోనే చాలావరకు తీరిపోయేది. కాబట్టి కొత్త పథకం వల్ల అతడికి కలిసొచ్చింది తక్కువే. పుస్తకాలు, ప్రయాణం, పోగొట్టుకున్న జీతం అతడి నెత్తినే ఉన్నాయి.

మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే. ఫీజు మాఫీ మొదటి మెట్టు మాత్రమే. ఉన్న కళాశాల భవనంలోనే సాయంత్రం తరగతులు పెట్టవచ్చు. కొత్త కట్టడాలు అక్కర్లేదు. కావలసింది బోధకుల జీతాలకు బడ్జెట్లో ఏటా నిలిచే పద్దు. పథకం గడువు తీరగానే ఆగిపోయే గ్రాంటుతో ఏ కోర్సూ వేళ్లూనుకోదు. దానితోపాటు నేర్చుకునే కాలంలో చిన్న భృతి, రాను పోను బస్సు ఖర్చు ఇవ్వాలి. ఏం నేర్పాలో పుదుచ్చేరిలో కూర్చుని కాక, ఇక్కడి రొయ్యల పరిశ్రమనూ కర్మాగారాలనూ అడిగి నిర్ణయించాలి.

మన సంఘాలకూ ఇందులో పని ఉంది. వారంలో అధిక దినాలు ఖాళీగా ఉండే హాళ్లు మనకున్నాయి. వాటిని తరగతులకు ఇస్తామని ముందుకు రావడం, ఊరి తరఫున ప్రభుత్వాన్ని అడగడం మన చేతిలో ఉన్నవే. అడిగేటప్పుడు మాత్రం మన పిల్లలకని కాక, ఊళ్లోని పిల్లలందరికీ అని అడుగుదాం.