ఇద్దరు సాక్షులు

ప్రశ్న: మా తాత కవిటి దగ్గర కొబ్బరితోటల్లో పని చేసేవాడు. ఏళ్లు 60. ఇప్పుడు పద్మనాభంలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న పరీక్ష చేయిస్తే, "మూత్రంలో ఆల్బుమిన్ లేశం, రక్తంలో క్రియాటినిన్ 1.9" అని కాగితం ఇచ్చారు. "నొప్పి లేదు, మూత్రం బాగానే ఉంది, డాక్టరెందుకు?" అంటాడు తాత. అమ్మ బెంగ పెట్టుకున్నది. ఎవరి మాట నిజం?
— ఒక పాఠకురాలు, పద్మనాభం

జవాబు: అమ్మాయీ, మంచి ప్రశ్న వేశావు. ఆ కాగితంలో ఇద్దరు సాక్షులున్నారు. మీ తాత ఒకరి మాటే విన్నాడు.

మన నడుముకు పైగా, వెన్నుకు అటూ ఇటూ రెండు మూత్రపిండాలుంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలంత. ఒక్కొక్క దానిలో దాదాపు 10 లక్షల సన్నని జల్లెడలూ, వాటి వెనుక సన్నని గొట్టాలూ ఉంటాయి. జల్లెడలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తాయి. గొట్టాలు అందులో పనికివచ్చే నీటిని తిరిగి రక్తంలోకి పంపుతాయి. చివరకు మిగిలే లీటరున్నరే మూత్రం.

అమ్మ పిండి జల్లిస్తే పొట్టు జల్లెడలోనే నిలుస్తుంది గదా? రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీను కూడా అలాగే నిలవాలి. జల్లెడ చిరిగితే మూత్రంలోకి జారుతుంది. 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు ఈ సంగతి రాశాడు. ఆయన రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడిచేస్తే, ఉడికిన గుడ్డులోని తెల్లసొనలా గడ్డకట్టింది! ఇది మొదటి సాక్షి.

రెండవ సాక్షి క్రియాటినిన్. ఇది మన కండరాల నుంచి రోజూ పుట్టే చెత్త. ఊడ్చేవాళ్లు తగ్గితే వీధిలో చెత్త పేరుకున్నట్లు, మూత్రపిండాల పని తగ్గితే ఇది రక్తంలో పేరుకుంటుంది. పెద్దవాళ్లలో 100 మిల్లీలీటర్ల రక్తానికి ఇది ఇంచుమించు 0.6 నుంచి 1.3 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. 60 ఏళ్ల మగవాడికి 1.9 అంటే, మూత్రపిండాలు నిమిషానికి దాదాపు 40 మిల్లీలీటర్లే వడపోస్తున్నాయని లెక్క. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో అది 100 దాకా ఉంటుంది.

మరి మొదటి సాక్షి ఎందుకు గట్టిగా చెప్పలేదు? కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాన్ని ఉద్దానమంటారు. అక్కడ ఎంతోమందికి మూత్రపిండాలు చెడిపోతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ జబ్బు జల్లెడలకన్న ముఖ్యంగా వెనుకనున్న గొట్టాలను పాడుచేస్తుంది. అందుచేత చాలామందికి మూత్రంలో ప్రోటీను కొద్దిగానే కనిపిస్తుంది. నొప్పి కూడా ఉండదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రిని ప్రారంభించింది అందుకే.

అయితే ఒక్క కాగితం చూసి బెదరకూడదు. జ్వరం వచ్చినా, మీ ఊరి కొండమెట్లు గబగబా ఎక్కి దిగినా, ప్రోటీను కాస్త కనిపించవచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు క్రియాటినిన్ పెరగవచ్చు. అందుకే పరీక్షలు మళ్లీ చేయిస్తారు. 3 నెలలు దాటినా లోపం అలాగే ఉంటే, అప్పుడు దీర్ఘకాలపు జబ్బు అంటారు. పోయిన పని చాలావరకు తిరిగి రాదు; మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. రక్తపోటు అదుపులో ఉంచుకోవాలి. ఒళ్లు నొప్పులకు అంగట్లో బిళ్లలు కొని మింగే అలవాటుంటే మానాలి.

కాబట్టి అమ్మ బెంగలో అర్థమున్నది. విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆస్పత్రిలో మూత్రపిండాల వైద్యులున్నారు. తాతతో నువ్వే చెప్పు: "నొప్పి మూడో సాక్షి తాతా. అది వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది!" మనమరాలి మాట ఏ తాత కాదంటాడు?